కాబర్నే సావిన్యోన్, మెర్లో: సీసా చూడకుండా తేడా పట్టడం ఎలా?

ఎర్ర వైన్ చేసే రెండు ద్రాక్ష రకాల్లో కాబర్నే సావిన్యోన్ (ఇకపై కాబర్నే) గట్టిగా, మెర్లో మెత్తగా ఉంటుందని ఎక్కడ చూసినా రాసి ఉంది. తీరా మీరు రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని తాగితే మెర్లోనే నోరు ఎక్కువ పిడచ కట్టించింది. వాసనలోనూ పెద్ద తేడా తెలియలేదు. సీసా చూడకుండా ఏది ఏదో చెప్పడం నిజంగా కుదిరే పనేనా, దాచిపెట్టుకోవాలంటే రెండిట్లో ఏది కొనాలి అన్నవి మీ ప్రశ్నలు.

కుదిరే పనే. అయితే గట్టి, మెత్త అన్న రెండు మాటలు పట్టుకుని బయల్దేరితే మాత్రం కుదరదు. రుచి చూడటం నేర్చుకునేవాళ్ళ దగ్గర నేను మొదట మాన్పించేది ఆ అలవాటునే. వగరు ఎంత ఉందో కొలవడం మానేసి, అది ఎప్పుడు మొదలైంది, నోట్లో ఎక్కడ కూర్చుంది, మింగాక ఎంతసేపు నిలిచింది అని గమనించండి. ఈ రెండు ద్రాక్షల తేడా దాదాపు అంతా అక్కడే ఉంది.

కాబర్నే ఒక గుక్క నోట్లో పెట్టుకోగానే పులుపూ వగరూ ముందుకు వచ్చేస్తాయి. పై చిగుళ్ళకీ పెదవికీ మధ్య తడి ఆరిపోయి పట్టేసినట్టు ఉంటుంది. ఆ తర్వాత రెండు మూడు సెకన్ల పాటు ఒక వెలితి. నాలుక మధ్యభాగం మీద రావాల్సిన నిండుదనం పూర్తిగా రాదు. మింగాక మళ్ళీ అందుకుంటుంది. వగరు బుగ్గల లోపలికి పాకుతుంది, పండు రుచి సన్నగా, నిటారుగా చాలాసేపు సాగుతుంది. మెర్లో నడక వేరు. మొదట్లో పెద్దగా తొందరపడదు. నోట్లోకి వెళ్ళిన కాసేపటికి నాలుక మధ్యలో పరుచుకుని, బరువుగా, గుండ్రంగా నిండిపోతుంది. వగరు ఉంటుంది, కాదనను. కానీ పండు రుచి దాన్ని కప్పేస్తుంది. చివరికి వచ్చేసరికి కాబర్నే కంటే ముందుగానే తగ్గుముఖం పడుతుంది.

కాబర్నేలో ఆ మధ్య వెలితి గురించి వైన్ చేసేవాళ్ళకు బాగా తెలుసు. ఒంటరి కాబర్నే చాలాసార్లు గుంజలూ పైకప్పూ ఉండి గోడలు లేని పందిరిలా ఉంటుంది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో రెండిటినీ కలిపి వైన్ చేయడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఎండ బాగా కాసే చోట, ఉదాహరణకు కాలిఫోర్నియాలోని నాపా లోయలో, బాగా పండిన కాబర్నే తన వెలితిని తానే పూడ్చుకోగలదు. అందుకే అక్కడ ఒక్క కాబర్నేతోనే నిండైన వైన్లు వస్తాయి. చల్లటి ప్రాంతాల నుంచి వచ్చిన సీసాల్లో ఈ వెలితి స్పష్టంగా దొరుకుతుంది. నేర్చుకునేవాళ్ళకు అవే మంచి పాఠం.

ఇక మీ మెర్లో సంగతి. మొదట ఒకటి అడగాలి: ఏది ముందు తాగారు, ఏది తర్వాత? ఇది చిన్న విషయం కాదు. వగరు అనేది తీపి, పులుపుల్లాంటి రుచి కన్నా స్పర్శకే దగ్గర. ద్రాక్షలోని టానిన్లు అనే వగరు పదార్థాలు మన లాలాజలంలో ఉండే ప్రోటీన్లను పట్టుకుని ముద్ద కట్టిస్తాయి. లాలాజలంలోని జారుడు గుణం పోయి నాలుకా బుగ్గలూ ఒకదానికొకటి రాసుకుంటాయి. వగరు అంటే అదే. ప్రోటీన్లు మళ్ళీ ఊరడానికి సమయం పడుతుంది. వెంటవెంటనే గుక్కలు వేస్తే వగరు ఒకదాని మీద ఒకటి పేరుకుపోతుంది. మీరు కాబర్నే అరగ్లాసు తాగి, వెంటనే మెర్లో అందుకుని ఉంటే, కాబర్నే మిగిల్చిన వగరు కూడా మెర్లో ఖాతాలో పడి ఉంటుంది. రెండో వైన్ ఎప్పుడూ అసలు కంటే గట్టిగా అనిపిస్తుంది. నిపుణులు కూడా ఇందులో మోసపోతారు. అందుకే జాగ్రత్తగా చేసే పరీక్షల్లో గ్లాసుల వరస మార్చి మార్చి ఇస్తారు.

వరస కారణం కాకపోతే చల్లదనం చూడండి. ఎర్ర వైన్ మరీ చల్లగా ఉంటే వగరు రెచ్చిపోతుంది, పండు వాసన ముడుచుకుపోతుంది. రెండిటికీ 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ సరైనది. ఫ్రిజ్‌లోంచి నేరుగా తీసిన మెర్లో, బల్ల మీదే ఉన్న కాబర్నే పోటీ పడితే మెర్లో గట్టిగా తేలడంలో వింత లేదు.

ఈ రెండూ కాకపోతే అప్పుడు ఆ సీసాయే అలాంటిదై ఉండాలి. దీనికి చాలా దారులున్నాయి. ప్రయోగశాలలో టానిన్లు కొలిస్తే సగటున కాబర్నేకే ఎక్కువ వస్తాయి, నిజమే. కానీ ఒకే రకం ద్రాక్షలో ఒక సీసాకీ ఇంకో సీసాకీ ఉండే తేడా, రెండు రకాల సగటుల మధ్య తేడా కంటే ఎంతో పెద్దది. ఎక్కువ టానిన్ ఉన్న మెర్లోలు, తేలికపాటి కాబర్నేలు మామూలుగా దొరుకుతాయి. తీగ మీద మోయలేనంత కాపు వదిలేసి, పండీ పండకుండా కోసిన మెర్లో గరగరలాడుతూ చేదుగా ఉంటుంది. కొత్త ఓక్ చెక్క పీపాలో ఎక్కువ కాలం ఉంచితే చెక్క వగరు తోడవుతుంది. తోళ్ళు, గింజలతో కలిపి రసాన్ని మరీ ఎక్కువ రోజులు నానబెట్టినా అంతే.

ఇక్కడ గింజల గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే అసలు కిటుకు అందులోనే ఉంది. ద్రాక్షలో టానిన్లు ప్రధానంగా రెండు చోట్ల ఉంటాయి, తోలులోనూ గింజలోనూ. తోలు టానిన్లు పొడవాటి గొలుసులు. గింజ టానిన్లు పొట్టివి, నోటికి గరుకుగా, కొంచెం చేదుగా తగులుతాయి. రసం పులియడం మొదలైన తొలి రోజుల్లో రంగూ తోలు టానిన్లూ త్వరగా దిగుతాయి. గింజ చుట్టూ మైనం లాంటి పొర ఉంటుంది కనుక గింజ టానిన్లు ఆలస్యంగా, ఆల్కహాల్ పెరిగిన తర్వాతే ఎక్కువగా దిగుతాయి. కాబట్టి ఎన్ని రోజులు నానబెట్టారన్నదాన్ని బట్టి ఒకే తోట మెర్లో వెన్నలా జారవచ్చు, లేదా గీరుకుపోవచ్చు.

కోతకు ముందు తోటలో ఏం చేస్తారో చూస్తే ఇదంతా కళ్ళకు కడుతుంది. ఒక పండు నోట్లో వేసుకుని మొదట గుజ్జు మింగేస్తారు. మిగిలిన తోలును పక్క పళ్ళ మధ్య పెట్టి పది పదిహేను సార్లు నములుతారు. కాబర్నే తోలు మందం, త్వరగా నలగదు. నమిలాక నాలుక ముదురు ఊదా రంగుకు తిరగాలి, పచ్చి ఆకు రుచి పోయి ఉండాలి. తర్వాత గింజ. అరచేతిలో వేసుకుని చూస్తే పచ్చగా ఉందా, గోధుమ రంగుకు తిరిగిందా తెలుస్తుంది. కొరికితే టక్కున విరిగి, వేయించిన గింజ రుచి వస్తే కోతకు సిద్ధం. మెత్తగా వంగి చేదు తగిలితే ఇంకా ఆగాలి. కాబర్నే పండు చిన్నది, తోలు మందం, గుజ్జుతో పోలిస్తే తోలూ గింజల వాటా ఎక్కువ. మెర్లో పండు అంతకంటే పెద్దది, తోలు పలచన, రసం ఎక్కువ. కాబర్నేకి ఆ ముదురు రంగూ, ఆ బిగువూ వచ్చేది ఈ కొలతల నుంచే.

పండు పెరిగే కాలం కూడా నోటికి తెలుస్తుంది. మెర్లో ముందు చిగురిస్తుంది, ముందు పూస్తుంది, కాబర్నే కంటే దాదాపు ఒకటి రెండు వారాల ముందు పండుతుంది. చక్కెర త్వరగా ఎక్కుతుంది, పులుపు త్వరగా దిగుతుంది. ఫలితంగా వైన్‌లో ఆల్కహాల్ కాస్త ఎక్కువ, పులుపు కాస్త తక్కువ. ఈ రెండూ కలిసి వగరును లోలోపల మార్చేస్తాయి. పులుపు పెరిగితే అదే టానిన్ ఇంకా గట్టిగా అనిపిస్తుంది. ఆల్కహాల్ పెరిగితే వగరు కొంత తగ్గి, వైన్ చిక్కగా, కాస్త తియ్యగా కూడా అనిపిస్తుంది, చక్కెర లేకపోయినా. మెర్లోను అందరూ మెత్తన అనడానికి సగం కారణం ఈ పులుపు, ఆల్కహాల్ సర్దుబాటే తప్ప టానిన్ తక్కువ కావడం ఒక్కటే కాదు. నన్నడిగితే కళ్ళు మూసుకుని పోల్చేటప్పుడు వగరు కంటే పులుపే నమ్మకమైన గుర్తు. మింగిన తర్వాత నాలుక పక్కల నుంచి లాలాజలం జివ్వున ఊరిందా? అది చాలాసేపు ఊరుతూనే ఉందా? అయితే కాబర్నే వైపు మొగ్గండి.

వాసనలో తేడా తెలియలేదన్నారు. అందులో మీ ముక్కు తప్పేం లేదు, ఆ రెండూ దగ్గరి బంధువులు. కాబర్నే సావిన్యోన్ తల్లిదండ్రులు కాబర్నే ఫ్రాంక్, సావిన్యోన్ బ్లాంక్ అనే వేరే రెండు ద్రాక్ష రకాలని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ శాస్త్రవేత్తలు జన్యు పరీక్షలతో తేల్చి 1997లో ప్రచురించారు. మెర్లోకి కూడా కాబర్నే ఫ్రాంకే తండ్రి. తల్లి ఎవరో చాలాకాలం తెలియలేదు. ఎవరూ పట్టించుకోని ఒక పాత తీగ ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో దొరికింది. తర్వాత షరాంత్ ప్రాంతపు పల్లెల్లో ఇళ్ళ ముందు పాకించుకున్న తీగల్లోనూ అదే రకం కనిపించింది. పరీక్షిస్తే మెర్లో తల్లి అదేనని తేలింది. దానికి మాగ్దలెన్ నోయిర్ దె షరాంత్ అని పేరు పెట్టారు. చాలా ముందుగా పండే రకం అది. మెర్లో తొందర ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించుకోవచ్చు. మాల్బెక్ అనే ఇంకో ఎర్ర ద్రాక్షకి కూడా ఇదే తల్లి కావడం ఇంకో విశేషం. నేను ఈ వంశవృక్షాన్ని ఇష్టంగా చెబుతుంటాను, ఎందుకంటే ఇది తెలిశాక రెండు గ్లాసుల్లో ఒకే రకం వాసన రావడం కంగారు పెట్టదు.

ఆ ఉమ్మడి ఆస్తిలో ముఖ్యమైనది క్యాప్సికం వాసన. దాన్ని ఇచ్చేవి మెథాక్సీపైరజీన్లు అనే పదార్థాలు. వీటి ఘాటు ఎంతంటే ఎర్ర వైన్ లీటరుకు 10 నుంచి 15 నానోగ్రాములు ఉన్నా మన ముక్కు పసిగడుతుంది. కాబర్నే ఫ్రాంక్, సావిన్యోన్ బ్లాంక్ రెండిట్లోనూ ఇవి ఉన్నాయి కాబట్టి కాబర్నేకి రెండు వైపుల నుంచీ సంక్రమించాయి. మెర్లోలో సాధారణంగా తక్కువ, కానీ పచ్చిగా కోస్తే అక్కడా బయటపడతాయి. పండు రంగు తిరగక ముందు గుత్తులకు వెలుతురు తగిలితే ఇవి తక్కువగా తయారవుతాయి. అందుకే గుత్తుల చుట్టూ ఆకులు ముందే దూసేస్తారు. పండు ముదిరేకొద్దీ ఉన్నవీ తగ్గుతాయి. కాబట్టి ఈ పచ్చి వాసన వచ్చిందంటే పండు ఎంత పండిందో చెబుతోందని అర్థం, రకం పేరు చెబుతోందని అనుకోవద్దు. చిలీలో చాలా ఏళ్ళు మెర్లోగా చలామణీ అయిన తీగల్లో ఎక్కువ భాగం నిజానికి కార్మెనేర్ అనే వేరే రకమని 1994లో బయటపడింది. పచ్చి వాసన బలంగా ఉండి, ఆలస్యంగా పండే ఆ తీగలు మెర్లో పేరుతో తోటల నిండా ఉండిపోయాయి. వాసనను ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎంత దూరం దారి తప్పవచ్చో దీన్ని బట్టి చూడండి.

అయినా వాసనల్లో కొన్ని మొగ్గులు ఉన్నాయి. కాబర్నేలో బ్లాక్‌కరెంట్ అనే చిన్న నల్ల పండు, దేవదారు చెక్క, చెక్కిన పెన్సిల్ ముల్లు, ఒక్కోసారి పుదీనా. ఆస్ట్రేలియాలోని కూనవారా వైపు వైన్లలో నీలగిరి తైలం వాసన కూడా వస్తుంది, తోటల దగ్గరి యూకలిప్టస్ చెట్ల ఆకుల నుంచి. మెర్లోలో ప్లమ్, నల్ల చెర్రీ, చాక్లెట్, కొన్నిటిలో బిర్యానీ ఆకు. కాబర్నే వాసన చల్లగా, విడివిడిగా తోస్తుంది. మెర్లోది వెచ్చగా, కలగలిసి వస్తుంది. పండటంలోనూ తేడా ఉంది. కాబర్నే తీగ మీద ఓపిగ్గా ఆగుతుంది, వారం అటూ ఇటూ అయినా నిలదొక్కుకుంటుంది. మెర్లోకి ఆ వెసులుబాటు లేదు. సరైన పాకం నుంచి జామ్‌గా, ఎండు ప్లమ్‌గా మారడానికి వేడి రోజులు నాలుగు చాలు. గ్లాసులో ఉడికించిన పండు వాసన, నోట్లో సడలిన పులుపు కలిసి వస్తే అది మెర్లో కావచ్చని మొదటి అనుమానం పెట్టుకోండి.

నేల విషయానికి వస్తే బోర్డోనే చూడాలి. జిరోండ్ నదీముఖం ఎడమ ఒడ్డున మెడాక్‌లో గులకరాళ్ళ నేల. నీళ్ళు నిలవవు, రాళ్ళు ఎండకు త్వరగా వేడెక్కుతాయి. ఆలస్యంగా పండే కాబర్నేకి ఆ వేడి ప్రాణం. కుడి వైపు పొమెరోల్, సెంట్ ఎమిలియోన్‌లలో బంకమట్టి, సున్నపురాయి ఎక్కువ. బంకమట్టి చల్లన, నీటిని పట్టి ఉంచుతుంది. అందులో కాబర్నే సరిగ్గా పండక పచ్చిగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. మెర్లోకి మాత్రం ఆ చల్లదనం పగ్గంలా పనిచేసి తొందరను ఆపుతుంది. పొమెరోల్‌లోని పెట్రూస్ తోట నీలి బంకమట్టి గుట్ట మీద ఉంటుంది, దాదాపు పూర్తిగా మెర్లో. ఇటలీలో బోల్గేరి దగ్గరి మస్సేతో అనే వైన్ కూడా బంకమట్టి మీది మెర్లోనే. ఈ రెండిటిలో దేన్నీ ఎవరూ మెత్తటి వైన్ అనరు. వగరు దిట్టంగా ఉంటుంది, దశాబ్దాలు నిలుస్తాయి. అయితే ఆ వగరు వచ్చే తీరు మాత్రం మెర్లో తీరే. నాలుక మధ్యలో పట్టులా పరుచుకుని, కింద నుంచి మోస్తున్నట్టు ఉంటుంది తప్ప ముందు చిగుళ్ళను పట్టి లాగదు. మీకు గట్టిగా తగిలిన ఆ సీసా బంకమట్టి నేలల నుంచి వచ్చిందేమో వెనక లేబుల్ మీద చూడండి. అదే అయితే మీకు దొరికింది చెడ్డ మెర్లో కాదు, మంచిది, వయసు చాలనిది.

బోర్డో అనగానే కాబర్నే గుర్తొస్తుంది కానీ అక్కడి ఎర్ర ద్రాక్ష తోటల్లో సగానికి పైగా మెర్లోనే. ప్రపంచం మొత్తం మీద మాత్రం లెక్క తిరగబడుతుంది. అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ 2015 లెక్కల ప్రకారం కాబర్నే సావిన్యోన్ దాదాపు 3,41,000 హెక్టార్లు, మెర్లో దాదాపు 2,66,000 హెక్టార్లు. రైతు వైపు నుంచి చూస్తే రెండూ కలిపి వేసుకోవడం ఒక భద్రత. ముందు చిగురించే మెర్లోకి వసంతంలో కురిసే మంచు భయం ఎక్కువ. 2017 ఏప్రిల్ చివర్లో బోర్డోలో అలాంటి మంచే పడి ఎన్నో తోటల్లో చిగుళ్ళు మాడిపోయాయి. పూత సమయంలో వాన, చలి ఉంటే మెర్లో పిందె రాలిపోతుంది. కాబర్నేకి ఆ గండాలు తక్కువ, కానీ కోత సమయంలో శరదృతువు వానలకు అది చిక్కుతుంది.

ఏళ్ళ వారీగా చూస్తే ఇది గ్లాసులోనే కనిపిస్తుంది. 1998లో మెర్లో కోతలు చాలావరకు అయ్యాక వానలు జోరందుకున్నాయి. ఆ ఏడు పొమెరోల్, సెంట్ ఎమిలియోన్ వెలిగిపోయాయి, ఎడమ ఒడ్డు కాబర్నేలు అంత దూరం రాలేదు. 1996లో కథ అటుదిటు. కోతకు ముందటి వానల దెబ్బ మెర్లోకి ఎక్కువ తగిలింది, తర్వాత కాసిన ఎండ ఆగి ఉన్న కాబర్నేకి కలిసొచ్చింది. ఆ ఏటి ఎడమ ఒడ్డు ఊళ్ళు పోయాక్, సెంట్ జూలియెన్ వైన్లను ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు. అందుకే ఏ ఏడాది, ఏ ఊరు అని చూడకుండా రకం పేరు మీద తీర్పు చెప్పేవాళ్ళ మాట నేను పెద్దగా పట్టించుకోను.

ఇప్పుడు మళ్ళీ పరీక్ష ఎలా చేయాలో చెబుతాను. రెండు సీసాలూ ఒకే దేశం, వీలైతే ఒకే ఉత్పత్తిదారు, ఒకే ఏడాదివి ఎంచుకోండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. చిలీ కాబర్నేని ఇటలీ మెర్లోతో పోలిస్తే మీరు కొలిచేది ఎండనీ పీపానీ. ఓక్ వాడకం కూడా దగ్గరగా ఉండాలి. కొత్త పీపా ఇచ్చే వనిల్లా, చాక్లెట్ వాసనలు కాబర్నేకి మెర్లో వేషం వేసేయగలవు. రెండిటినీ ఒకే చల్లదనానికి తెచ్చి, మూడో మనిషితో పోయించండి, మూడు గ్లాసుల్లో. రెండిట్లో ఒకే వైన్, మూడో దాంట్లో వేరేది. ఏది వేరే అన్నది మాత్రమే ముందు పట్టండి, పేర్లు తర్వాత. రెండు గ్లాసులే అయితే ఊహించినా సగంసార్లు నిజమైపోతుంది, మూడైతే ఆ అదృష్టం మూడో వంతుకు పడిపోతుంది.

చిన్న గుక్క తీసుకోండి. మింగకుండా నోరంతా తిప్పి మనసులో ఎనిమిది దాకా లెక్కపెట్టండి. ఒకటి, రెండు అనేటప్పుడు చిగుళ్ళ మీదే ధ్యాస ఉంచండి. మూడు నుంచి ఆరు దాకా నాలుక మధ్య. ఏడు, ఎనిమిదికి ఉమ్మేసి, బుగ్గల లోపలి వైపు నాలుకతో తడిమి చూడండి. గరుకుగా, ముడతలు పడ్డట్టు తగిలిందా, సన్నటి పొడి చల్లినట్టు ఉందా? ఇంకో గ్లాసు అందుకునే ముందు నీళ్ళు పుక్కిలించి కనీసం ఒకటి రెండు నిమిషాలు ఆగండి. రెండో విడత గ్లాసుల వరస మార్చండి. మొదటిసారి గట్టిగా అనిపించింది రెండోసారీ గట్టిగానే ఉంటే అప్పుడు ఆ మాట నమ్మవచ్చు. రంగు మీద ఎక్కువ ఆధారపడవద్దు. నాలుగైదేళ్ళు దాటిన సీసాల్లో గ్లాసు వంచి అంచు చూస్తే, మెర్లో ముందుగా ఇటుక రంగుకు తిరుగుతుంది, కాబర్నే ఇంకా ముదురుగా ఉంటుంది. అంతవరకే.

వీలైతే రెండు సీసాల్లోనూ సగం మిగిల్చి, మూత పెట్టి మర్నాడు మళ్ళీ చూడండి. నేను దీన్ని అందరికీ గట్టిగా చెబుతాను. గాలి తగిలిన రాత్రి తర్వాత మంచి కాబర్నే తరచుగా విచ్చుకుంటుంది, మధ్య వెలితి కొంత నిండుతుంది, బ్లాక్‌కరెంట్ స్పష్టపడుతుంది. మామూలు మెర్లో అయితే సడలిపోయి పండు రుచి చప్పబడుతుంది. మర్నాడు కూడా మెర్లో మధ్యలో నిండుగా నిలబడి ఉంటే దానికి ముందు చాలా ఏళ్ళు ఉన్నట్టే.

దాచుకునే ప్రశ్నకు జవాబు దాదాపు ఇక్కడే దొరుకుతుంది. ఏమీ తెలియని రెండు సీసాల్లో ఒకటి ఎంచుకోమంటే కాబర్నే ఎంచుకుంటాను. పులుపూ తోలు టానిన్లూ రెండూ దాని పక్షాన ఉన్నాయి. పదేళ్ళు దాటాక బ్లాక్‌కరెంట్ వెనక్కి తగ్గి దేవదారు, పొగాకు వాసనలు ముందుకు వస్తాయి, వగరు సన్నబడుతుంది. 1976లో పారిస్‌లో సీసాల పేర్లు దాచి జరిపిన పోటీలో ఫ్రెంచ్ వైన్లను దాటి మొదటి స్థానం తెచ్చుకున్న ఎర్ర వైన్ నాపాలోని స్టాగ్స్ లీప్ వారి 1973 కాబర్నే. కాలిఫోర్నియా వైన్లు అప్పటికి బాగున్నా వయసుతో నిలవవు అన్నారు చాలామంది. 2006లో అదే పోటీని అవే ఎర్ర వైన్లతో మళ్ళీ జరిపితే మొదటి స్థానం కాలిఫోర్నియాదే, రిడ్జ్ వారి 1971 మోంటే బెల్లోది. అదీ ప్రధానంగా కాబర్నేనే.

మెర్లోల్లో ఎక్కువ భాగం మూడు నుంచి ఆరేడేళ్ళలోపు తాగేయాల్సినవి. వాటి అందమే ఆ పండు నిండుదనం, అది పోయాక మిగిలేది తక్కువ. బంకమట్టి మెర్లోలు వేరు. వయసు మీద పడ్డాక వాటిలో ఎండు ప్లమ్, లెదర్, తడి మట్టి వాసనలు వస్తాయి, నోట్లో పట్టు మాత్రం సడలదు. మీ దగ్గర అదే మెర్లో ఇంకో సీసా ఉంటే ముందు దాని మొదటి సీసాలో మర్నాటికి ఏం మిగిలిందో చూసి నిర్ణయించుకోండి. పండు నిలబడి, వగరు తోలు వైపు నుంచి వచ్చినట్టు సన్నగా ఉంటే రెండో సీసాని వెలుతురు పడని చోట, 12 నుంచి 14 డిగ్రీల మధ్య, పడుకోబెట్టి నాలుగేళ్ళు ఆగండి. చేదు, గరుకు మాత్రమే మిగిలితే ఆగి లాభం లేదు. గింజ చేదు కాలంతో పూర్తిగా పోదు, ఈలోగా పండు మాత్రం పోతుంది. ఈ వారమే తెరిచి, తాగడానికి గంట ముందు వెడల్పాటి జగ్గులో పోసి ఉంచండి.